తొమ్మిదో టేబులుకు వెళ్ళిన బొబ్బర్లు

నేను చేసింది వంట కాదు, వడ్డనా కాదు. ఆ రెండిటి మధ్య మూడడుగుల స్టీలు బల్ల ఒకటి ఉంటుంది. వంటవాళ్ళు అటువైపు నుంచి ప్లేట్లు పెడతారు, సర్వర్లు ఇటువైపు నుంచి తీసుకెళతారు. ఆ బల్ల దగ్గర నిలబడి, ఆర్డరు చీటీ చదివి, ప్లేటు చూసి, రెండూ సరిపోయాకే "వెళ్ళొచ్చు" అనడానికి ఒక మనిషి కావాలి. అమెరికాలో కేంబ్రిడ్జ్‌లోని ఒక రెస్టారెంట్లో ఏడేళ్ళు ఆ మనిషిని నేను.

అంతకుముందు మన దగ్గర చక్కెర ఫ్యాక్టరీ స్టోర్సులోనూ, ఇక్కడికొచ్చాక గోదాముల్లోనూ పనిచేశాను. నడుము మొరాయించాక ఈ పని దొరికింది. పద్ధతిగా ఉంటాననీ, అన్నీ రాసిపెట్టుకుంటాననీ చెఫ్ నన్ను తీసుకుంది. పద్దెనిమిదో ఏట నుంచి నాకు డైరీ అలవాటు. జేబులో పట్టేంత పుస్తకం, రోజుకొక పేజీ. ఒక్క రోజు కూడా మానలేదని చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెం ఎలా పోయిందో, ఇప్పుడు ఇక్కడి వంటగదుల్లో పార్ట్‌టైం చేస్తున్న పిల్లలకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది సదరన్ రెస్టారెంటు. అమెరికా దక్షిణ రాష్ట్రాల వంటను ఈ కాలానికి తగ్గట్టు వండి పెట్టే చోటు. చెఫ్ వాళ్ళ అమ్మమ్మది అటువైపే. మొదటి వారం ఆ మెనూ చూసి నాకు నవ్వు ఆగలేదు. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ, పోపు పెట్టని ఉప్మా. ఓక్రా అంటే బెండకాయ వేపుడు. బ్లాక్-ఐడ్ పీస్ అయితే అచ్చంగా మన బొబ్బర్లు. వాటిని పెద్ద గిన్నెలో ఉల్లిపాయ, వెల్లుల్లి, థైమ్ ఆకు వేసి నెమ్మదిగా ఉడికిస్తారు. బ్రంచ్‌కీ డిన్నర్‌కీ అదే గిన్నె.

"బొబ్బర్లు ఉడికాయామ్మా?" అని నేనడిగితే, పొయ్యి దగ్గరుండే అనంతపురం ఆమె వెనక్కి తిరిగేది కూడా కాదు.

"బొబ్బర్లు అంటే ఏందో నాకు తెల్దన్నా. అలసందలైతే ఉడికినాయి."

ఆమెకు నలభై దాటాయి. ఊళ్ళో కర్రీ పాయింటు నడిపిన చెయ్యి. నన్ను "అన్నా" అనేది. నా డైరీ మీద ఆమెకు ఎప్పుడూ వెటకారమే. "ఇయ్యాల నేను తుమ్మింది కూడా రాసుకుంటివా?" అనేది.

మా చెఫ్ పెట్టిన నియమం ఒకటుంది. ఎవరికైనా ఏదైనా పడదని చీటీ మీద ఉంటే, జ్ఞాపకం మీద జవాబు చెప్పకూడదు. దేంట్లో ఏమేం పడతాయో రాసి ఉన్న ఫైలు తీసి ఆ వంటకం పేజీ చూడాలి. తర్వాత గిన్నె దగ్గరికి వెళ్ళి, వండినవాళ్ళను అడిగి, కళ్ళతో చూడాలి. "గుర్తున్నది నాకు చెప్పొద్దు, చూసింది చెప్పు" అనేది. ఆమె మాట్లాడేది ఇంగ్లీషే, తెలుగులో పెడుతున్నాను. ఏడేళ్ళలో ఆ నియమం నేను ఒక్కసారి తప్పాను.

మే నెలలో ఒక ఆదివారం. పదింటికి బ్రంచ్ మొదలైంది. పావుగంటకు సర్వరు అమ్మాయి బల్ల దగ్గరికొచ్చి, ప్లాస్టిక్ తొడుగులో ఉన్న కార్డు ఒకటి నా ముందు పెట్టింది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది సగమే.

"అంకుల్, టేబుల్ నైన్. ఆమె ఒక్కతే వచ్చింది. మస్టర్డ్ అలర్జీ. లైక్, రియల్లీ సీరియస్."

కార్డు మీద టైపు చేసి ఉంది. ఆవాలు, ఆవపొడి, ఆవనూనె, ఏ రూపంలోనైనా సరే, కొంచెమైనా సరే. తింటే గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చు.

సదరన్ వంటలో ఆవపొడి చాలావాటిలో ఉంటుంది. గుడ్డు కూరల్లో, బంగాళాదుంప సలాడ్‌లో, సాసుల్లో. నేను ఫైలు తీశాను. గ్రిట్స్‌లో లేదు. మొక్కజొన్న బ్రెడ్డులో లేదు. బొబ్బర్లలో లేదు. గిన్నె దగ్గరికి వెళ్ళాను. అనంతపురం ఆమెను అడిగాను.

"ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఆ థైమో ఏందో ఆకు. అంతేన్నా. నా చేత్తో ఏసినా."

అలర్జీ వాళ్ళకోసం విడిగా దాచే ఊదారంగు గరిటెలు తీయించాను. ప్లేటు నేనే తుడిచాను. చెఫ్ స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. అంతా నియమం ప్రకారమే జరిగింది.

తిని వెళ్ళేటప్పుడు తొమ్మిదో టేబులు ఆమె మా బల్ల దగ్గరికి వచ్చింది. ముప్ఫై, ముప్ఫై రెండేళ్ళుంటాయి. చేతిలో చిన్న నోట్‌బుక్, దానికి రబ్బరు బ్యాండు.

"ఈ ప్లేటు చూసింది మీరేనా?"

"అవునండీ."

"ఇప్పుడు రిహార్సల్‌కి వచ్చాను. సాయంత్రం మా నాన్న డెబ్బయ్యో పుట్టినరోజు. ఆయన అటు దక్షిణాన పుట్టారు. చిన్నప్పటి ఈ తిండి అంటే ప్రాణం. కానీ నా భయంతో ఏళ్ళ తరబడి మా ఇంట్లో ఎవరూ బయట తినలేదు. నేను లేకుండా తను వెళ్ళనంటారు." నోట్‌బుక్ తెరిచి చూపించింది. "నేను నమ్మి తినగల చోట్లు ఇవి. మూడే. సాయంత్రం కూడా ఇలాగే జరిగితే మీది నాలుగోది."

తన ప్రాణానికి సంబంధించిన సంగతిని నాలాగే చిన్న పుస్తకంలో రాసుకునే మనిషి. నాకు చెప్పలేనంత ఆప్యాయత కలిగింది. "సాయంత్రమూ ఇదే గిన్నె అమ్మా, మీరేమీ భయపడకండి" అన్నాను. అప్పటికి అది నిజమే.

రెండున్నరకు తలుపులు వేశాం. మళ్ళీ ఐదింటికి తీయాలి. ఈ మధ్యలో మేమంతా కలిసి కూర్చుని తింటాం. వారానికి ఒకరిద్దరు వండుతారు. ఆ ఆదివారం వంతు మాది. అనంతపురం ఆమె అన్నం వండింది, నేను పప్పు చేశాను. చెఫ్‌కు మన పప్పంటే ఇష్టం. చారులా గిన్నె ఎత్తి తాగేస్తుంది.

పిల్లలూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. పప్పులో పోపు పెట్టాను. ఇనుప గరిటెలో నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేసి, చిటపటలాడాక పప్పు మీద ఒంపాను. గరిటెలో ఇంకా కాస్త నూనె, నాలుగు ఆవాలు మిగిలాయి. మన ఇళ్ళలో అప్పుడేం చేస్తారు? ఆ గరిటెను అలాగే పప్పులో ముంచేస్తారు. చుయ్యిమంటుంది. నూనె బొట్టు పోదు, గరిటె కూడా శుభ్రమవుతుంది. మా అమ్మ చేసేది, మా ఆవిడ చేస్తుంది, నేనూ చేస్తాను. అది ఒక పని అని కూడా అనుకోం. తుమ్మొస్తే తుమ్మడం లాంటిది.

ఆ రోజు పప్పు గిన్నె అంచుదాకా నిండి ఉంది. ముంచితే పొర్లుతుంది. పక్క పొయ్యి మీద బొబ్బర్ల గిన్నె ఉంది. గరిటె దాంట్లో ముంచాను. చుయ్యిమంది. రెండు తిప్పులు తిప్పి, గరిటె సింకులో పడేసి, పప్పు గిన్నె పట్టుకుని వెళ్ళి అందరితో కూర్చున్నాను.

నాలుగింటికి చెఫ్ సాయంత్రం వంటకాలన్నీ వరసగా రుచి చూస్తుంది. బొబ్బర్లు నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఇవాళ ఇవి చాలా బాగున్నాయి. ఏదో ఉంది. ఏం చేశారు?"

అనంతపురం ఆమె భుజాలెగరేసింది. "ఎప్పుడూ ఏసేవే" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. నాలుగున్నరకు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని డైరీలో ఆ రోజు పేజీ సగం దాకా రాశాను. పుస్తకం చొక్కా జేబులో పెట్టుకుని బల్ల దగ్గరికొచ్చాను.

ఆరు దాటాక ఆమె వచ్చింది. తండ్రి, తల్లి, ఇంకో నలుగురు. అదే తొమ్మిదో టేబులు అడిగి తీసుకుందట. తలుపు ఊగినప్పుడల్లా నాకు ఆ పెద్దాయన కనిపిస్తున్నాడు. కోటు, టై, కోటు జేబులో ఎర్ర రుమాలు. మెనూ చేతిలో పట్టుకుని చదవడం మానేసి, ఊరికే నవ్వుతూ కూర్చున్నాడు.

హాలు నిండిపోయింది. చీటీలు ఆగకుండా వస్తున్నాయి. బల్ల మీద పదకొండు ప్లేట్లు. సర్వరు అమ్మాయి పరుగున వచ్చింది.

"అంకుల్, నైన్ ఆర్డర్. మార్నింగ్ వచ్చిందే, ఆమే. మస్టర్డ్. గ్రిట్స్, కార్న్‌బ్రెడ్, పీస్. సేమ్ యాజ్ బ్రంచ్. ఓకే కదా?"

"పొద్దున తిన్నవే కదమ్మా. అదే గిన్నె."

"సో, ఓకే?"

"ఓకే."

ఫైలు నా మోచేతి పక్కనే ఉంది. గిన్నె ఆరడుగుల దూరంలో ఉంది. చెఫ్ పెనం మీద నుంచి తల ఎత్తకుండా అడిగింది. "తొమ్మిదోది, అలర్జీ. చెక్ చేశావా?"

"చేశాను" అన్నాను.

అబద్ధమాడుతున్నానని నాకు అనిపించలేదు. పొద్దున చేశాను కదా. ఊదారంగు గరిటె తీసి, నేనే వడ్డించి, ప్లేటు అంచు తుడిచి, సర్వరు అమ్మాయి చేతిలో పెట్టాను. అంతా జాగ్రత్తగానే చేశాను, ముఖ్యమైంది తప్ప.

మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో గడిచాయి. పదమూడో టేబులుకు బొబ్బర్లు తోడుతూ అనంతపురం ఆమె అంది.

"అన్నా, ఈ అలసందల్లో ఆవాలేంది? ఆ పోపు గరిటె దీంట్లో కడిగినావా ఏమన్నా?"

సరదాగానే అంది. నవ్వుతూనే తోడుతోంది. గరిటె అంచున నల్లగా రెండు గింజలు. నా చెవుల్లో చుయ్యిమన్న ఆ చప్పుడు మళ్ళీ వినిపించింది.

నేను ఎప్పుడూ వడ్డన సమయంలో హాల్లోకి వెళ్ళలేదు. వెళ్ళకూడదు. ఆ రోజు ఏప్రనుతోనే తలుపు నెట్టుకుని వెళ్ళాను. ఒక సర్వరు ట్రే నా భుజానికి తగిలి గ్లాసులు పడ్డాయి. అందరూ తలలు తిప్పారు. తొమ్మిదో టేబులు కిటికీ పక్కన. మధ్యలో ఎన్ని కుర్చీలో.

చెంచా ఆమె చేతిలో ఉంది. గిన్నెలో బొబ్బర్లు ఓ మూల తగ్గి ఉన్నాయి. తండ్రితో ఏదో చెబుతూ చెబుతూ ఆగి, నాలుకతో పెదవి తడుముకుంది. మళ్ళీ తడుముకుంది.

"తినకండి," అన్నాను. "దాంట్లో ఆవాలున్నాయి."

ఆమె అరవలేదు. చెంచా ప్లేటు మీద చప్పుడు కాకుండా పెట్టింది.

"ఎంత?"

"పోపు నూనె. ఒక చెంచాడు. కొన్ని గింజలు. నేనే."

అప్పటికే గొంతులో బొంగురు వచ్చేసింది. కుర్చీకి తగిలించిన బ్యాగులోంచి అలర్జీకి విరుగుడుగా పొడుచుకునే ఇంజెక్షను పెన్ను తీసింది. మూత పీకి, గౌను మీదనుంచే తొడకు గట్టిగా అదిమి పట్టుకుంది. చేతి గడియారం చూసుకుంది. తండ్రి లేచి నిలబడి, ఎర్ర రుమాలు జేబులోంచి తీసి, దాంతో ఏం చెయ్యాలో తెలియక పట్టుకుని ఉన్నాడు. సర్వరు అమ్మాయి అంబులెన్సు కోసం నైన్ వన్ వన్‌కు ఫోన్ చేసి అడ్రసు చెబుతోంది. ఆ పిల్ల గొంతు ఒణకలేదు. చెవికమ్మ మాత్రం ఒణుకుతోంది.

అంబులెన్సు వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. ఆమె మెడ మీద ఎర్రటి దద్దుర్లు పైకి పాకుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఈల లాంటి చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు కొంచెం తగ్గింది. తగ్గిందో, నాకు అలా అనిపించిందో తెలియదు. అంబులెన్సు మనిషి ఏం తిన్నారు, ఎంత, ఎప్పుడని అడిగాడు. అన్నీ వరసగా చెప్పాను. చెబుతుంటే తల్లి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ఎలాంటిదో నేను డైరీలో రాయలేదు, ఇక్కడా రాయను.

వాళ్ళు వెళ్ళాక వంటగదిలోకి వచ్చాను. బొబ్బర్లన్నీ పారబోసి ఉన్నాయి. చెఫ్ ఖాళీ గిన్నె పక్కన నిలబడి ఉంది.

"చెక్ చేశానన్నావు."

"చెయ్యలేదు."

"మరి ఎందుకు చెప్పావు?"

"నాకు తెలుసు అనుకున్నాను."

ఆమె నా చేతిలో చీటీల క్లిప్పు తీసుకుని, నా బదులు తనే బల్ల దగ్గర నిలబడింది. నేను అంట్లు తోమే చోటికి వెళ్ళాను. ఎవరూ పంపలేదు, ఇంకెక్కడికి వెళ్ళాలో తోచలేదు. పోపు గరిటె సింకులో ఇంకా అలాగే ఉంది. అది తోముతుంటే అనంతపురం ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"నేను నవ్వకుండా చెప్పింటే ఇంకో నిమిషం ముందే పోయేటోడివేమో అన్నా."

"నువ్వు చెప్పకపోతే అసలు వెళ్ళేవాణ్ణే కాదమ్మా."

ఎనిమిది దాటాక సర్వరు అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. "షీజ్ ఓకే, అంకుల్. నైట్ అంతా అబ్జర్వేషన్‌లో ఉంచుతారట. వాళ్ళ డాడ్ కాల్ చేశారు." ఆ మాట చెప్పి, అప్పటిదాకా గట్టిగా ఉన్న పిల్ల అక్కడే బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చింది.

బట్టలు మార్చుకునే గదికి వెళ్ళి డైరీ తీశాను, మిగతా సగం రాయడానికి. మధ్యాహ్నం రాసిన సగం కళ్ళపడింది. నా చేతిరాతే, వంకర లేకుండా, వరసగా.

"పప్పు బాగా కుదిరింది. పోపు గరిటె బొబ్బర్లలో ముంచాను. చెఫ్ రుచి చూసి చాలా బాగున్నాయంది. ఎందుకు బాగున్నాయో నేను చెప్పలేదు."

చాలాసేపు దాన్నే చూశాను. తెలియక చేశానని అప్పటిదాకా నన్ను నేను ఓదార్చుకుంటున్నాను. తెలియకపోవడం ఎక్కడిది? తెలుసు, రాశాను, మెచ్చుకుంటే లోపల నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత రెండు గంటలకు అదే పుస్తకం చొక్కా జేబులో ఉండగా, "అదే గిన్నె" అన్నాను.

మర్నాడు హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ పేజీ తీసి ఆయన ముందూ, చెఫ్ ముందూ పెట్టి చదివి వినిపించాను. చెఫ్ ఉద్యోగం తీసెయ్యలేదు. రెండు నెలలు బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఉల్లిపాయలు తరిగాను. తరగడం కూడా మంచి పనే. ఎవరి ప్రాణమూ మన మాట మీద ఆధారపడి ఉండదు.

పదిరోజుల తర్వాత రెస్టారెంటుకు ఫోన్ వచ్చింది. నన్నే అడిగారు. ఆమె.

"నా నోట్‌బుక్‌లో రాసుకోవాలి," అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమైంది. "ఏం జరిగిందో వరసగా చెప్పండి. పొద్దున బాగుంది, సాయంత్రానికి ఎలా మారింది?"

చెప్పాను. గరిటె సంగతి, మన ఇళ్ళలో అలవాటు సంగతి, పప్పు గిన్నె నిండుగా ఉన్న సంగతి. పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు వినిపించింది. ఆగింది.

"అంటే మీరు మర్చిపోయారు."

అవునంటే అక్కడితో అయిపోయేది. అలాగే రాసుకునేది. నేను జేబులోంచి డైరీ తీసి, ఆ పేజీ ఇంగ్లీషులోకి మార్చి చదివాను. చివరి వాక్యం కూడా.

"ఆ పుస్తకం అప్పుడు ఎక్కడుంది?"

"నా జేబులో ఉందమ్మా."

"నా ఇంజెక్షను నా బ్యాగులో ఉంది," అంది ఆమె. "మీ పుస్తకం మీ జేబులో ఉంది. నేను నాది తీశాను."

ఫోన్ పెట్టేసింది. ఆమె మళ్ళీ రాలేదు. రావాలని నేను అనుకోవడం కూడా న్యాయం కాదు. ఆ నోట్‌బుక్‌లో ఇప్పటికీ మూడు పేర్లే ఉండి ఉంటాయి.

నేను తిరిగి బల్ల దగ్గరికి వచ్చాక ఇంకా నాలుగేళ్ళు చేశాను. రోజూ ఐదింటికి తలుపులు తీసే ముందు జేబులోంచి పుస్తకం తీసి, పొద్దుటి నుంచి రాసింది అందరికీ వినబడేలా పైకి చదివేవాణ్ణి. ఎవరు ఏ గిన్నెలో ఏం వేశారో, ఏ గరిటె ఎక్కడ పెట్టారో. చెఫ్ చేతులు కట్టుకుని వినేది. అనంతపురం ఆమె మొదట్లో "వచ్చినాయప్పా వార్తలు" అనేది. తర్వాత తర్వాత, నేను ఎప్పుడైనా ఆలస్యం చేస్తే, పొయ్యి మంట తగ్గించి తనే అడిగేది.

"అన్నా, పుస్తకం తియ్యి."